మేం ఉన్నంతసేపూ పనిచేసే వైఫై

రిపేరుకు వెళ్ళిన చోట వస్తువు పాడై కనిపిస్తే మనం బతికిపోయినట్టే. అది శుభ్రంగా పనిచేస్తూ కనిపించిందా, ఇక మన పని అయిపోయినట్టే. వైఫై డబ్బాలు బిగించే ఉద్యోగాల్లోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ఈ సంగతి ఏ ట్రైనింగులోనూ చెప్పరు. అందుకని నేను చెబుతున్నాను. జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో స్తంభాలెక్కడం మొదలుపెట్టి, మోకాళ్ళు ఇక వద్దు బాబూ అనేదాకా ఎక్కి, ఏలూరులో ఒక ఇంటర్నెట్ కంపెనీలో ఫీల్డ్ సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. ఇన్నేళ్ళలో తెగిన వైర్లు ఎన్ని అతికించానో నాకే గుర్తులేదు. గుర్తున్నదల్లా ఏ వైరూ తెగని ఒక ఇల్లు.

నాతోపాటు తిరిగే టెక్నీషియన్‌ది పెంటపాడు. వయసులో నాకంటే కొంచెం చిన్న. ఊళ్ళో సొంత వరి పొలం ఉంది. నాట్ల రోజుల్లో డ్యూటీలో ఉన్నా మనసు చేలోనే ఉంటుంది. ఇంటర్నెట్‌ని కూడా కాలవ నీళ్ళ లెక్కనే చూస్తాడు. ఎక్కడో గండి పడిందంటాడు, ఎవరో పైన తూము బిగించారంటాడు. విచిత్రం ఏమిటంటే చాలాసార్లు అదే నిజమయ్యేది. మా ఇద్దరికీ పైన, తాడేపల్లిగూడెం ఆఫీసులో కూర్చుని ఫోన్లో మమ్మల్ని నడిపించే ఇంజనీరు ఒకావిడ ఉండేవారు. ఆవిణ్ణి మేం గూడెం మేడమ్ అనేవాళ్ళం. చదువుకున్న మనిషి, చిరాకు తక్కువ. మేం అడిగిందే మళ్ళీ అడిగినా మొదటిసారి విన్నట్టే జవాబు చెప్పేవారు.

ఆ ఇల్లు ఏలూరు పాతపేటలో ఉంది. ఒకప్పుడు ఇంటిల్లిపాదీ తివాచీలు నేసిన ముస్లిం కుటుంబం. స్థలం వెడల్పు తక్కువ, పొడుగెక్కువ. ముందు వాటాలో ఇంటాయన, ఆయన భార్య, వాళ్ళ అమ్మాయి. మధ్యలో చిన్న వాకిలి. వెనక వాటాలో ఇంటాయన చెల్లెలు. ఆమెకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. పెళ్ళి కాలేదు. మిగతావాళ్ళంతా మగ్గం దిగిపోయినా ఆమె మాత్రం ఇంకా తివాచీలు నేస్తూనే ఉన్నారు. అమ్మాయి ఆమెను ఫుప్పమ్మ అని పిలిచేది. మేనత్తను ఆ ఇంట్లో అలాగే అంటారు. ఫుప్పమ్మ వాటా మీద మేడగది ఒకటి ఉంది. అమ్మాయి ఆఫీసు అదే.

హైదరాబాదులో ఏదో కంపెనీకి ఆ అమ్మాయి ఇంట్లోంచే పనిచేసేది. ఆస్పత్రుల ఇన్సూరెన్సు కాగితాలు కంప్యూటర్లో చూసి తప్పులు పట్టే ఉద్యోగం. ఇంకా పర్మనెంటు కాలేదు. రోజూ పైఅధికారులతో వీడియోలో మాట్లాడాలి. ఇంట్లో జీతం తెచ్చే మనిషి ఆమె ఒక్కతే. తల్లికి వారం వారం ఏలూరు ఆస్పత్రిలో వైద్యం, కాబట్టి ఊరు వదిలి వెళ్ళే వీల్లేదు. అలాంటిది కాల్ మధ్యలో బొమ్మ ఆగిపోతోందని ఆఫీసువాళ్ళు సణగడం మొదలుపెట్టారు. దాంతో ఇంట్లో ఉన్న పాత మెష్ తీసేసి కొత్తది పెట్టమని మాకు కబురు చేసింది. మెష్ అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఇల్లు పొడుగ్గా ఉంటే ఒక్క డబ్బా సిగ్నలు చివరిదాకా అందదు కనక మూడు డబ్బాలు తలోచోట పెట్టి, మూడూ ఒకే పేరుతో పలికేలా చేయడం.

"ఏవండీ, పాతవాటితో కొత్తది కలుస్తదంటారా?" అని ఇంటాయన మొదటిరోజే అడిగారు. "మూడూ ఒక్కసారే పారేయాలంటే మనసొప్పడం లేదండి. బాగానే పనిచేస్తున్నాయి కదండీ మరి."

అట్టపెట్టె మీద కలుస్తుందనే రాసి ఉంది. గూడెం మేడమ్‌కి ఫోన్ చేస్తే, "కలుస్తాయండీ. కానీ కలిశాక కొత్తది కూడా పాతదాని నడకే నడుస్తుంది" అన్నారు. కలిసినట్టా, కలవనట్టా? నాకు అర్థం కాలేదు. సరే చూద్దామని మొదట ముందు గదిలో ఉన్న పెద్ద డబ్బా ఒక్కటి మార్చాం. మిగతా రెండూ పాతవే ఉంచాం. మేడగదిలో అమ్మాయి ల్యాప్‌టాప్ అంతకుముందు నడిచినంత కూడా నడవలేదు.

"ముసలెద్దునీ కోడెనీ ఒక కాడికి కట్టినట్టుందండి గురువుగారూ" అన్నాడు పెంటపాడు ఆయన.

రెండోసారి వెళ్ళి మిగతా రెండూ కూడా కొత్తవి పెట్టేశాం. ఫుప్పమ్మ వాటాలోకి గోడ వెంట కేబుల్ లాగి అక్కడి డబ్బాకి కలిపాం. ఆమె గుమ్మం దగ్గర నిలబడి మేం ఏ రంగు వైరు ఏ రంగు కన్నంలో పెడుతున్నామో చూస్తూనే ఉన్నారు. దారాల పని చేసేవాళ్ళు కదా, చూస్తారులే అనుకున్నాను. వైఫై పేరు, పాస్‌వర్డ్ మాత్రం పాతవే ఉంచేశాను. "ఎవరూ ఏమీ నొక్కక్కర్లేదండీ, మీ ఫోన్లన్నీ వాటంతటవే కలిసిపోతాయి" అని గొప్పగా చెప్పాను. ఇంట్లో ఏమేం వస్తువులున్నాయని ఇంటాయన్ని అడిగితే వేళ్ళు మడుస్తూ చెప్పారు. అమ్మాయి ల్యాప్‌టాప్, ముగ్గురి ఫోన్లు, టీవీ. అన్నీ చూశాం, అన్నీ కలిశాయి. మేం బూట్లు వేసుకుంటుంటే ఫుప్పమ్మ ఒక పాత ఫోను తెచ్చి పెంటపాడు ఆయనకి చూపించారు. తెర మీద ఎవరో ఆడమనిషి ఫోటో ఉంది. ఎవరో చుట్టాలావిణ్ణి పరిచయం చేస్తున్నారనుకుని ఈయన రెండు చేతులూ ఎత్తి ఫోనుకి నమస్కారం పెట్టాడు. ఆమె అతని మొహంలోకి ఓసారి చూసి లోపలికి వెళ్ళిపోయారు.

కంపెనీ నియమం ప్రకారం పాత డబ్బాలు మూడూ వెనక్కి తీసుకెళ్ళాలి. రెండు దొరికాయి. మొదట తీసిన పెద్దది మాత్రం కనిపించలేదు. "అటక మీద పెట్టేరేమోనండి, చూసి ఇస్తాను" అన్నారు ఇంటాయన. సరేనన్నాం.

అక్కడితో అయిపోవాల్సిన కథ. కొద్ది రోజులకే అమ్మాయి ఫోన్ చేసింది.

"బాబాయ్ గారూ, కాల్ మధ్యలో పోతందండి. సిగ్నలు నిండా చూపిత్తంది, మాట మాత్రం తెగిపోతందండి. మళ్ళీ అదే వత్తంది, మళ్ళీ పోతంది."

బండి మీద నిచ్చెన కట్టుకుని వెళ్ళాం. అంతా దివ్యంగా ఉంది. మేడగదిలో కూర్చుని పెద్ద పెద్ద వీడియోలు పెట్టి చూశాం. ఎక్కడా ఆగలేదు. వచ్చేశాం. మేం ఇలా ఆఫీసు చేరామో లేదో అలా ఫోను. మళ్ళీ వెళ్ళాం. మళ్ళీ దివ్యంగా ఉంది. ఈ తంతు ఎన్నిసార్లు జరిగిందో చెబితే నవ్వుతారు. ముందు కేబుల్ మార్చాం. తర్వాత డబ్బాల చోటు మార్చాం. ఆ తర్వాత పక్కింటివాళ్ళ వైఫై అడ్డం వస్తోందేమోనని వాళ్ళ ఇంట్లోకి కూడా దూరి చూశాం. వాళ్ళు మర్యాదగా కాఫీ ఇచ్చారు కానీ వాళ్ళ తప్పేమీ లేదు. ల్యాప్‌టాప్‌ని షాపుకి పంపించాం. అక్కడ అది ఒక్కసారి కూడా తప్పు చేయలేదట.

అదే సమయంలో మాకు కొల్లేరు వైపు చేపల చెరువుల కంప్లైంట్లు కూడా ఉండేవి. అవి నిజాయితీ గల కంప్లైంట్లు. మట్టి తవ్వే యంత్రం కేబుల్ని తెంపేసి ఉంటుంది, లేదా గట్టు మీద స్తంభం ఒరిగి ఉంటుంది. వెళ్ళగానే రోగం ఎదురొచ్చి కనిపిస్తుంది. నాకు ఆ చెరువుగట్లు ఎంత హాయిగా ఉండేవో చెప్పలేను. ఆకివీడు దాకా ఎండలో వెళ్ళి బురదలో దిగి వచ్చినా, ఈ పాతపేట ఇంటి మెట్లెక్కడం కంటే అదే నయం అనిపించేది.

ఎవరి సిద్ధాంతం వాళ్ళకి తయారైంది. పెంటపాడు ఆయనది మామూలే, ఎక్కడో గండి. ఇంటాయన లెక్కలో ఎండ దెబ్బకి డబ్బా వేడెక్కుతోంది. వేసవి కాదు కదండీ అంటే, "మేడగది కదండి, అక్కడెప్పుడూ వేసవే" అన్నారు. నాకైతే ఆ అమ్మాయే కంగారులో ఏదో నొక్కుతోందని లోలోపల అనుమానం. పైకి అనలేదు. గూడెం మేడమ్ మాత్రం ఓపిగ్గా తన కంప్యూటర్లో రికార్డు తీసి చూసి, ఎవరూ అనుకోని మాట అన్నారు.

"ఏవండీ, కాల్ పోయిందని అమ్మాయి చెప్పిన టైములో ఆ ల్యాప్‌టాప్ అసలు మన నెట్‌వర్క్‌లోనే లేదండీ."

"లేకపోవడమేంటండీ? ఆ అమ్మాయి తెర ఫోటో తీసి పంపింది. మన వైఫై పేరే ఉంది, సిగ్నలు నిండా ఉంది."

"మరి నా దగ్గర లేదు కదండీ."

ఆవిడ అబద్ధం చెప్పరు. ఫోటో కూడా అబద్ధం చెప్పదు. ఇంట్లో ఉన్న మనిషి ఇంట్లో లేడని ఒకరు, ఉన్నాడని ఒకరు, ఇద్దరూ కళ్ళారా చూసే చెబుతున్నారు. మధ్యలో నాకు తల తిరిగిపోయింది. అన్నం తింటుంటే అదే ఆలోచన. మా ఆవిడ, "ఆ ఇల్లేదో మన ఇంట్లోనే పెట్టుకున్నట్టుందండి మీరు" అని దెప్పింది.

ఈలోగా అమ్మాయికి ఆఫీసునుంచి ఆఖరి మాట వచ్చింది. ఫలానా రోజు పెద్దవాళ్ళందరూ వీడియోలో కూర్చుని ఆమె పని చూస్తారు. బాగుంటే పర్మనెంటు. ఆ రోజు కూడా కాల్ తెగితే ఇంట్లోంచి పని కుదరదు. హైదరాబాదు వచ్చి ఆఫీసులో కూర్చోవాలి, లేకపోతే మానేయాలి. ఆ సంగతి చెప్పడానికి ఆ అమ్మాయి ఫోన్ చేసినప్పుడు గొంతు మామూలుగానే ఉంది. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

"బాబాయ్ గారూ, ఒక్క సాయం చేయండి. ఆ రోజు మీరొచ్చి మా ఇంట్లో కూర్చోండి చాలండి. ఏం రిపేరూ చెయ్యక్కర్లేదు. మీరున్నంతసేపూ అది పాడవ్వడం లేదండి. నాకిక అదొక్కటే నమ్మకం."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నేళ్ళ సర్వీసు చేశాక చివరికి గుమ్మానికి కట్టే తాయెత్తు ఉద్యోగం దొరికిందన్నమాట. అయినా వస్తానన్నాను. నిజం చెప్పాలంటే నాకూ అదొక్కటే నమ్మకం.

ఆ రోజు పొద్దున్నే కొల్లేరు గట్టు మీద ఎక్కడో లైను పోయిందని కబురొచ్చింది. బండి, నిచ్చెన తీసుకుని పెంటపాడు ఆయన అటు వెళ్ళాడు. నేను ఆటో ఎక్కాను. సన్నగా తుంపర పడుతోంది. చేతిలో గొడుగు తప్ప ఏమీ లేదు, సంచి కూడా తీసుకోలేదు. రిపేరుకు వెళ్ళడం లేదు కదా.

ఇంటాయన ముందు గదిలో కుర్చీ వేశారు. టీ వచ్చింది. పైన మేడగదిలో అమ్మాయి మాట్లాడటం మొదలుపెట్టింది. మాటలు తెలియడం లేదు కానీ గొంతు వినిపిస్తోంది, ధీమాగానే ఉంది. ఇంటాయన కళ్ళు మూసుకుని ఏదో ప్రార్థించుకుంటున్నారు. ఆయన భార్య తలుపు పక్కన నిలబడి చీర చెంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉన్నారు. నేను టీ తాగడం కూడా చప్పుడు కాకుండా తాగాను.

గొంతు ఆగిపోయింది.

కాసేపటికి మళ్ళీ మొదలైంది. మళ్ళీ ఆగింది. మెట్ల మీద అడుగుల చప్పుడు. అమ్మాయి వచ్చి నా ముందు నిలబడింది. నేనున్నా తెగిందన్న సంగతి ఆమెకెంత దెబ్బో నాకూ అంతే.

"ఏమన్నారమ్మా?" అన్నాను.

"కాసేపాగి మళ్ళీ కలవమన్నారండి. ఇదే ఆఖరంట."

అన్నాళ్ళుగా దొరకని రోగం మొదటిసారి నా కళ్ళ ముందు ఉంది. నా ఫోన్లో కంపెనీ యాప్ తెరిచాను. ఇంట్లో ఏ వస్తువు ఏ డబ్బాకి కలిసి ఉందో అది చూపిస్తుంది. ఇంటాయన ఫోను ఉంది, టీవీ ఉంది. అమ్మాయి ల్యాప్‌టాప్ లేదు. అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి చూపించింది. వైఫై పేరు ఉంది, సిగ్నలు నిండా ఉంది. మేడమ్ చెప్పిందీ నిజమే, ఫోటో చెప్పిందీ నిజమే. మరి ఈ ల్యాప్‌టాప్ ఎవరింట్లో ఉన్నట్టు?

అప్పుడు తట్టింది. అదే పేరుతో ఇంకొకటేదో పలుకుతోంది.

ఫోను చేత్తో పట్టుకుని సిగ్నలు ఎటు పెరుగుతుందో చూస్తూ నడిచాను. వాకిలి దాటాను, పెరిగింది. ఫుప్పమ్మ గుమ్మం దగ్గరికి వచ్చాను, ఇంకా పెరిగింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. తట్టి లాభం లేదని గుర్తొచ్చి మెల్లిగా తోశాను.

ఆమె మగ్గం పలక మీద కూర్చుని ఉన్నారు. ఎదురుగా సగం నేసిన తివాచీకి ఆనించి ఆ పాత ఫోను. ఫోన్లో ఒకావిడ, అచ్చం ఈమె పోలికే, అక్క అయ్యుంటుంది. ఇద్దరి చేతులూ గాలిలో ఆడుతున్నాయి. ఇటునుంచి వేగంగా నాలుగు సైగలు, అటునుంచి నవ్వు, మళ్ళీ సైగలు. ఒక్క చప్పుడు లేదు. ఇంత సందడిగా మాట్లాడుకునే మనుషుల్ని నేను చూడలేదు. ఉన్ని ఉండల బుట్ట పక్కన మేం అడిగి అడిగి వదిలేసిన పాత పెద్ద డబ్బా, ఆకుపచ్చ దీపంతో వెలుగుతోంది. మేం బిగించిన కొత్త డబ్బాలో ఖాళీగా ఉన్న కన్నంలోంచి దానికి ఒక చిన్న వైరు. రంగుకి రంగు సరిగ్గా కుదిర్చి పెట్టి ఉంది.

పాత డబ్బాలో ఉన్నది ఎవరూ చెరపలేదు కనక దానికి పాత పేరు గుర్తుంది, పాత పాస్‌వర్డ్ గుర్తుంది. మేడగదికి సరిగ్గా కింద ఉంది కనక అమ్మాయి ల్యాప్‌టాప్ కాసేపు కొత్తదానికీ కాసేపు దీనికీ గెంతుతోంది. గెంతినప్పుడల్లా ఆఫీసు కాల్ తెగుతోంది. కొత్త డబ్బాలు మాట్లాడే పద్ధతి ఈమె పాత ఫోనుకి రాదు. అది పాత డబ్బాతో తప్ప కలవదు. ఆ రోజు ఫోన్లో అక్క ఫోటో మాకు చూపించింది ఆమెతో కాల్ కలవడం లేదనే. మేం నమస్కారం పెట్టి వెళ్ళిపోయాం. అమ్మాయికి ఆ ఫోను సంగతి తెలుసు కానీ, అన్నీ వాటంతటవే కలుస్తాయని నేను ఇచ్చిన మాట నమ్మింది. ఇంటాయన దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. అమ్మాయి వాడి వదిలేసిన పాత ఫోను అది.

మరి మేం వచ్చినప్పుడల్లా ఎందుకు బాగుండేది? ఆమె నన్ను చూసి, తర్వాత నా వెనక్కి, భుజం పైకి చూశారు. దేన్ని వెతుకుతున్నారో అప్పుడు అర్థమైంది. పక్క సందులో మేం బండి ఆపితే దాని మీది నిచ్చెన గోడపై నుంచి కనిపిస్తుంది. అది కనిపించగానే ఆమె వైరు పీకి డబ్బా దాచేసేవారు. ఆ డబ్బా ఇచ్చేయమంటామని భయం. ఈ రోజు నిచ్చెన రాలేదు.

ఆమె చెయ్యి డబ్బా మీద వేశారు, తీసుకోనివ్వను అన్నట్టు. ఎలా చెప్పాలి? నేను పైకి, మేడగది వైపు చూపించాను. రెండు చేతులూ టైపు కొడుతున్నట్టు ఆడించాను. డబ్బాని చూపించాను. చేత్తో దారం తెంపినట్టు చూపించాను. ఏమర్థమైందో ఆమె కనుబొమలు ముడిచారు. మళ్ళీ మేడగది, మళ్ళీ డబ్బా, మళ్ళీ తెంపడం. ఇంకెలా చెప్పాలో తెలియక కళ్ళ కింద వేలితో రాసుకుని ఏడుస్తోందని చూపించాను.

ఆమె లేచి నిలబడ్డారు. ఫోన్లో ఉన్న మనిషికి ఒక్క ముక్క కూడా చెప్పకుండా, వంగి, వైరు పీకేశారు. తెర మీద అక్క చెయ్యి సగం ఎత్తినట్టే ఆగిపోయింది.

నేను గుమ్మంలోంచే అరిచాను. "అమ్మా, పైకెళ్ళు. ఇప్పుడు కలువు. ఇక తెగదు!"

మెట్ల మీద పరుగు వినిపించింది. ఆ తర్వాత ఆ గదిలో నేను, ఫుప్పమ్మ, ఆగిపోయిన చెయ్యి. నాకు ఆ చెయ్యి చూడటం కష్టమైంది. వెంటనే నా ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టాను. ఆమె ఫోను ఇమ్మని చెయ్యి చాచాను. ఇవ్వలేదు. ఎందుకిస్తారు? నా ఫోనుని చూపించి, ఆమె ఫోనుని చూపించి, రెండు చూపుడువేళ్ళూ దగ్గరికి కలిపాను. చాలాసేపు ఆలోచించి ఇచ్చారు. మొదట పాస్‌వర్డ్ తప్పు కొట్టాను. మళ్ళీ కొట్టాను. కలిసింది. తెర మీద అక్క మళ్ళీ కదిలింది. కదిలిందే తడవుగా చేతులతో పెద్ద గొడవ మొదలుపెట్టింది, ఏమైపోయావని కాబోలు.

నా ఫోను అక్కడినుంచి కదలకూడదు. కాబట్టి నేనూ కదలకూడదు. మగ్గం పలక చివర కూర్చున్నాను. అమ్మాయికి తాయెత్తుగా వచ్చినవాణ్ణి మేనత్త పక్కన స్తంభంలా పాతుకుపోయాను. పైన అమ్మాయి గొంతు ఆగకుండా వినిపిస్తోంది. కింద నా పక్కన అంతకంటే వేగంగా మాటలు నడుస్తున్నాయి, ఒక్కటీ నాకు తెలియడం లేదు. మధ్యలో తెర మీది ఆవిడ నన్ను చూసి ఎవరతను అన్నట్టు గడ్డం ఎగరేసింది. ఫుప్పమ్మ ఏదో చెప్పారు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఏం చెప్పారో ఇప్పటికీ తెలియదు. తెలుసుకోకపోవడమే మంచిదనుకుంటాను.

అమ్మాయి దిగి వచ్చేసరికి వాన కూడా వెలిసింది. గుమ్మంలో నిలబడి, "ఇక్కడే చేసుకోమన్నారండి" అంది. అంతే. తండ్రి ఆమె తల మీద చెయ్యి పెట్టారు. తల్లి గోడకి ఆనుకుని కూర్చుండిపోయారు. ఆ తర్వాత అమ్మాయి చూపు పాత డబ్బా మీద పడింది, వైరు మీద పడింది, నా ఫోను మీద పడింది. ఎవరూ చెప్పకుండానే అంతా అర్థమైపోయింది. మేనత్త ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో ఏదో అడిగింది. ఆమె జవాబు చెప్పారు. అమ్మాయి మొహం తిప్పేసుకుంది.

"ఏమంటున్నారమ్మా?" అన్నాను.

"ముందే నాకెందుకు చెప్పలేదని అడిగానండి." మేనత్త వైపు చూపించింది. "నువ్వు ఉద్యోగం పోతదని ఏడుస్తున్నావు, మధ్యలో నా గొడవెందుకు అనుకుందంట. తణుకులో మా పెద్ద ఫుప్పమ్మకీ వినపడదండి. ఇద్దరికీ రోజూ ఇదే మాట. 'నా మాట ఆగిపోతే ఇంట్లో ఎవరికి తెలుస్తదిలే' అంటోందండి."

ఇంటాయన ఆ మాటకి తల ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. వస్తువులన్నీ చెప్పండి అని అడిగినవాణ్ణి నేను, వేళ్ళు మడిచి చెప్పిన మనిషి ఆయన. ఎవరు ఎవరితో మాట్లాడతారు అని మాలో ఎవరికీ అడగాలనిపించలేదు. పిల్లలూ, మీరు అడగండి. అట్టపెట్టె మీద ఏం రాసి ఉన్నా సరే, ఆ ప్రశ్న ముందు అడగండి.

గూడెం మేడమ్‌కి ఫోన్ చేశాను. ఆవిడ అంతా ఓపిగ్గా విన్నారు. "ఆ రికార్డులో నాకు ఇంటివాళ్ళందరూ కనిపిస్తున్నారనుకున్నానండీ" అన్నారు చివరికి. తర్వాత దారి చెప్పారు. పాత డబ్బా ఇక అక్కర్లేదు. కొత్త డబ్బాల్లోనే పాత పద్ధతిలో పలికే ఇంకో చిన్న నెట్‌వర్క్ విడిగా పెట్టవచ్చు. ఆ పాత ఫోను దాంట్లో కలుస్తుంది. దానికి వేరే పేరు పెడితే మిగతావి దాని జోలికి వెళ్ళవు. ఇంత చిన్న పని.

పేరు ఏం పెట్టమంటారని ఫుప్పమ్మని అడగమన్నాను. అమ్మాయి సైగలతో అడిగింది. ఆమె తల అడ్డంగా ఊపారు. మళ్ళీ అడిగింది. ఈసారి ఆమె చేతులు కోపంగానే కదిలాయి.

"వేరే పేరు వద్దంటోందండి" అంది అమ్మాయి. "ఇప్పుడున్నది మా తాతయ్య పేరండి, ఇంట్లో మగ్గం మొదలుపెట్టిన మనిషి. 'అది మా నాన్న పేరు. మీరంతా ఆ పేరుతో ఉండి నన్నొక్కదాన్నీ వేరు పెడతారా' అంటోంది."

ఇంటాయన గొంతు సవరించుకున్నారు. "లేదమ్మా, అది కాదు..." అని మొదలుపెట్టి, ఆమెకి వినపడదని గుర్తొచ్చి ఆగిపోయారు. తర్వాత నా వైపు తిరిగారు. "ఏవండీ, రెండిటికీ ఒకే పేరు పెట్టకూడదా?"

"పెడితే మళ్ళీ ఈ గొడవేనండీ."

ఆయన చెల్లెల్ని చూశారు. మగ్గాన్ని చూశారు. "అయితే నాన్నగారి పేరు దానికే ఉంచండి. మేమే మారతాం" అన్నారు.

మేమే మారతాం అన్నంత తేలిక కాదది. ల్యాప్‌టాప్, ఫోన్లు, టీవీ, అన్నిట్లో పాత పేరు చెరిపి కొత్త పేరు, కొత్త పాస్‌వర్డ్ కొట్టాలి. ఇంటాయన కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని ఒక్కొక్క అక్షరం వెతుక్కున్నారు, తప్పు కొట్టారు, మళ్ళీ మొదటికి వచ్చారు. ఆయన భార్య రిమోటుతో టీవీ మీద అక్షరాలు ఎక్కించలేక నాకిచ్చేశారు. అమ్మాయి తన ల్యాప్‌టాప్‌లో పడిపోయింది. ఫుప్పమ్మ మగ్గం మీద కూర్చుని మా అవస్థ అక్కకి చూపిస్తూ ఉన్నారు. ఆ రోజు ఆ ఇంట్లో ఏమీ మార్చుకోనక్కరలేని ఫోను ఆమెది ఒక్కటే.